వార్తాహరుని ధర్మము

శ్రీమన్నారాయణుడు జీవులకు దయచేసిన సంపదలలో వాక్కునకు మించినది లేదు. కన్నులు పశుపక్ష్యాదులకును గలవు. మనుష్యుని కాళ్ళకంటె వేగముగా పరుగెత్తు కాళ్ళు లేడికి గలవు. కాని చూచినదానిని మాటగా మార్చి, ఆ మాటను మఱియొకని హృదయమున నాటగల శక్తి మనుష్యునకే అబ్బినది. అందువలననే గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున తపస్సును శరీరముతో చేయునది, వాక్కుతో చేయునది, మనస్సుతో చేయునది యని మూడు విధములుగా విభజించి, వాక్తపస్సునకు లక్షణములను వేఱుగా నిర్దేశించెను. ఎదుటివానికి కలత కలిగింపనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది యగు మాటయే తపస్సని ఆయన తీర్పు. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి లోపించినను మాట మిగులును గాని తపస్సు మిగులదు.

పూర్వము మాట నోట పుట్టి, దగ్గఱనున్న చెవిని చేరి, అక్కడ కొంతకాలము నిలిచెడిది. నేడు అది వ్రేలికొనయందు పుట్టి, కన్ను మూసి తెఱచునంతలో సముద్రములు దాటుచున్నది. ఇట్టి కాలమున వాక్తపస్సు ఎవరి బాధ్యత? వ్రాసినవానిదా, పంపినవానిదా, ఆ మాటను మోయు కంపెనీదా, దేశమునేలు ప్రభుత్వమువారిదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు తూర్పు కనుమలలోని ఒక యూరిని తలచుకొనుట మంచిది.

ఆ యూరు అడ్డతీగల. రంపచోడవరము మన్యమున, కొండరెడ్లు, కోయదొరలు తరతరములుగా నివసించు సీమలోనిది. 1922వ సంవత్సరమున ఆ మన్యము అల్లూరి సీతారామరాజు నాయకత్వమున ఆంగ్లేయ ప్రభుత్వముపై తిరుగబడినది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా దాడులు జరిగినవి. తీసికొన్న ఆయుధముల వివరమును ఠాణా పుస్తకమున వ్రాసి, దాని క్రింద సంతకము చేసి వెడలుట ఆయన పద్ధతి. తరువాత అడ్డతీగల వంతు వచ్చినది. ఠాణాపైకి వచ్చుచున్నామని ముందుగా తెలుపుచు పంపు జాబునకు మిరపకాయ కట్టెడివారు. దానికే మిరపకాయ టపా యని పేరు వచ్చినది. అడ్డతీగలకు సైతము ముందుగా తెలిపియే, 1922 అక్టోబరు 15న ఆయన బహిరంగముగా వచ్చెను. అక్కడి ఆస్పత్రి వైద్యుడు తన పుస్తకమున ఆయన సంతకమును తీసికొనెనని చెప్పుదురు.

ధర్మమును వెదకువానికి ఈ వృత్తాంతమున దాడికంటె జాబు ముఖ్యము. ఎదుట నున్నది మహాసామ్రాజ్యము. దాగియుండుట ప్రాణరక్షణకు అవసరము. అట్టి స్థితియందును పేరులేని మాట ఒక్కటియు ఆయన పంపలేదు. మాటకు పేరున్నది, పేరునకు మనిషి యున్నాడు, ఆ మనిషి తన మాటకై ప్రాణము నొడ్డుటకు సిద్ధముగా నున్నాడు. 1924 మే 7న ఆయన ఆ ప్రాణమునే ఒడ్డెను. సంతకమనగా ఇదియే.

ఆ కొండలలో ఒకప్పుడు జాబు పోవలెనన్న కాలినడకయే దిక్కు. కాలము మాఱినది. దేశమున సెల్ ఫోను సంకేతము అందని 24,680 గ్రామములకు 4జి సేవ కల్పించుటకై 26,316 కోట్ల రూపాయల పథకమును కేంద్రప్రభుత్వము 2022 జూలైలో ఆమోదించినది. 2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మారుమూల ప్రాంతములలో ఒకేసారి 100 సెల్ టవర్లు ప్రారంభింపబడగా, అందు 85 అల్లూరి సీతారామరాజు పేరిట 2022లో ఏర్పడిన జిల్లాలోనివి. మిరపకాయ టపా నడచిన కొండలమీదుగానే నేడు లెక్కలేనన్ని సందేశములు పోవుచున్నవి. వానిలో అనేకమునకు సంతకము లేదు. ఎవరు పుట్టించిరో తెలియదు. ఎవరు మోసిరో మాత్రము తెలియును. మోసినవారు సామాన్యముగా మన బంధువులే.

ఈ విషయమై లోకమున వినవచ్చు అభిప్రాయములు ఇంచుమించు ఐదు. మన్యపు సంతలో చింతపండు, అడ్డాకులు ముందు పెట్టుకొని కూర్చున్నవారైనను, ఆలయమండపమున ప్రసాదమునకై వేచియున్న గృహస్థులైనను చెప్పునవి ఇవియే. ఈ యంత్రమే కలిపురుషుని రూపము, దీనిని ఇంటినుండి వెడలగొట్టవలెనని కొందఱు వృద్ధులు. యంత్రము జడము, దానికి దోషమెక్కడిదని కొందఱు యువకులు. చెడ్డమాటలను తీసివేయుట కంపెనీవారి పని యని కొందఱు. అబద్ధమాడినవానిని ప్రభుత్వమువారు చెఱలో వేయవలెనని కొందఱు. ఇక ఐదవ అభిప్రాయము మిక్కిలి మెల్లగా వినబడును. "నేను వ్రాయలేదు గదా, వచ్చినదానిని పంపితిని, అంతే" యనునది అది. మొదటి నాలుగు వాదములును ఈ ఐదవ మాటకు తెఱలుగా ఉపయోగపడుచున్నవి. కనుక ఒక్కొక్క తెఱను తొలగించి చూడవలెను.

యంత్రమును నిందించువారు క్షీరసాగర మథనమును స్మరింతురు గాక. శ్రీహరి కూర్మరూపమున మందరగిరిని మోయుచుండగా ఆ సముద్రమున ముందు పుట్టినది హాలాహలము. అమృతము పుట్టినదియు ఆ సముద్రముననే. విషము పుట్టినదని మథనమును మానలేదు. అమృతము వచ్చునని విషమును ఉపేక్షింపలేదు. కొండపై ప్రసవవేదన పడుచున్న తల్లికి అంబులెన్సును పిలిపించినది ఈ ఫోనే. దూరదేశమందున్న కుమారుని ముఖమును వృద్ధమాతకు చూపునదియు ఇదియే. కావున యంత్రమును పాపమనుట తగదు. అట్లని దానికి దోషమే లేదని వదలివేయుటయు తగదు. విషమును పట్టవలసినవాడు ఒకడు ఉండవలెను.

ఆ విషము ఎట్టిదో 2018వ సంవత్సరమున దేశమంతయు చూచినది. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్‌లో వదంతులు వ్యాపించినవి. ఆ సంవత్సరము మే మాసమునకు రెండు తెలుగు రాష్ట్రములందును ఊళ్ళు రాత్రులు కఱ్ఱలు పట్టుకొని కాపలా కాచినవి. తెలంగాణలో అమాయకులు ప్రాణములు కోల్పోయిరి. జూలై 1వ తేదీ ఆదివారము, మహారాష్ట్రమందలి ధూలే జిల్లాలో రాయిన్‌పాడా అను గిరిజన గ్రామమున వారపు సంత జరుగుచుండెను. భిక్షాటనతో జీవించు సంచారజాతివారు ఐదుగురు ఆ యూర బస్సు దిగిరి. వారిలో ఒకడు ఒక పసిపాపను పలుకరించెనని గుంపు కూడినది. పంచాయతీ కార్యాలయపు గదిలో ఆ యైదుగురిని కొట్టి చంపిరి. అడ్డతీగల సంతవంటి సంతయే అది. ఉప్పు, పప్పు కొనుటకు వచ్చినవారే అక్కడి జనము.

అదే నెల 13వ తేదీని హైదరాబాదునుండి వెళ్ళిన స్నేహితులు కొందఱు కర్ణాటకమందలి బీదరు జిల్లాలో బడిపిల్లలకు చాక్లెట్లు పంచిరి. అనుమానము పుట్టినది. వారు కారెక్కి బయలుదేఱిరి గాని, వారికంటె ముందు వారి వీడియో ముర్కి గ్రామమునకు చేరినది. అక్కడ త్రోవకు అడ్డముగా దుంగ వేసి యుంచిరి. వారిలో యువకుడైన ఇంజనీరొకడు గుంపు చేతిలో మరణించెను. పసివారికి తీపి పంచిన చేతికి లోకమిచ్చిన ఫలమది.

నాడు ఎక్కువగా చేతులు మాఱిన వీడియోలలో ఒకదాని పుట్టుక తెలిసినవారికి గుండె బరువెక్కును. అది కరాచీ నగరమున, పిల్లల భద్రతను గూర్చి తల్లిదండ్రులను హెచ్చరించుటకై తీసిన చిన్న చిత్రము. మోటారు సైకిలుపై వచ్చినవారు ఒక బాలుని ఎత్తుకొనిపోవుదురు. వెంటనే తిరిగివచ్చి, బాలుని దింపి, హెచ్చరిక వ్రాసిన పలకను చూపుదురు. ఎవరో ఆ చివరిభాగమును కత్తిరించిరి. ఎత్తుకొనిపోవుట మిగిలినది, దింపుట పోయినది. కన్నులారా చూచితిమని జనులు నమ్మిరి. వారు చూచినది నిజమే, కాని సగము నిజము.

ఇట్టి ఘోరములు జరుగుచుండగా కంపెనీవారు ఏమి చేయుచున్నారని మూడవ వాదమువారు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. 2016 నుండి వాట్సాప్ సందేశములు పంపినవానికి, అందుకొన్నవానికి దప్ప నడుమ ఎవ్వరికిని చదువుటకు వీలులేని రీతిగా తాళము వేయబడి పోవుచున్నవి. భార్యాభర్తల మాట, రోగి వైద్యునితో చెప్పుకొన్న మాట పరులకు తెలియకుండుటకు ఆ తాళము మంచిదే. కాని నడుమ చదువువాడు లేనప్పుడు నడుమ ఆపువాడును ఉండడు. అందుచేత ఆ కంపెనీ సందేశమును ఆపలేక, దాని వేగమును తగ్గించినది. వేఱొకరినుండి వచ్చిన సందేశమని తెలుపు గుర్తును 2018 జూలైలో చేర్చినది. అదే నెలలో, భారతదేశమున ఒకేసారి ఐదింటికి మించి పంపరాదని కట్టడి చేసెదనని ప్రకటించినది. 2020 ఏప్రిల్‌లో, పలుమార్లు చేతులు మాఱిన సందేశమును ఒక్కసారికి ఒక్కచోటికే పంపవలెనని నియమించినది. ఆ మీదట అట్టి సందేశముల ప్రవాహము నూటికి డెబ్బదివంతులు తగ్గెనని ఆ కంపెనీయే ప్రకటించినది. దీనినిబట్టి ఒక సంగతి స్పష్టమగుచున్నది. ఒక్కసారి ఆగి మరల నొక్కవలసి వచ్చినంతమాత్రమున అధికభాగము ఆగిపోయినదన్నచో, అంతకుముందు ఎవరును ఆలోచించి పంపలేదన్నమాట.

అందఱు చూచునట్లు వ్రాయు ఇతర వేదికలలో చెడును తీసివేయుటకు ఉద్యోగులు కలరు. హైదరాబాదు నగరమునందును ఈ పని చేయువారున్నారు. హింస, అశ్లీలము, ద్వేషము నిండిన చిత్రములను దినమంతయు చూచి, ఉంచవలసినది ఏదో, తీయవలసినది ఏదో నిర్ణయించుట వారి వృత్తి. ఆ చూపులవలన మనస్సులు గాయపడినవని అమెరికాలో కొందఱు వ్యాజ్యము వేయగా, 2020 మే నెలలో ఫేస్‌బుక్ సంస్థ 5 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది. హాలాహలమును మ్రింగుటకు పరమశివుడు సమర్థుడు. ఇరువది యేండ్ల కుఱ్ఱవాడు సమర్థుడా? ఒకడు వినోదమునకై పంపిన విషమును ఎవరో తల్లికన్న బిడ్డ జీతమునకై మ్రింగుచున్నాడని తెలిసికొనుటయు వాక్తపస్సులో భాగమే.

ఇక ఏది ఉంచవలెను, ఏది తీయవలెనను పెద్ద నిర్ణయములు చేయు స్థానమున తెలుగు ఆడపడుచు ఒకరు ఉండిరి. హైదరాబాదున పుట్టి, బాల్యముననే అమెరికా చేరిన విజయ గద్దె ట్విట్టర్ సంస్థలో న్యాయ, నియమ విభాగములకు అధిపతిగా పనిచేసిరి. 2021 జనవరి 8న ఆ సంస్థ అమెరికా అధ్యక్షుడైన డొనాల్డ్ ట్రంప్ ఖాతానే మూసివేసినది. కొందఱు ఒప్పనిరి, కొందఱు తప్పనిరి. 2022 అక్టోబరులో సంస్థ ఎలాన్ మస్క్ చేతికి వచ్చినది. విజయ గద్దె పదవి పోయినది. నవంబరులో ఆ ఖాతా తిరిగి తెఱువబడినది. ఏ నిర్ణయము మంచిదను వివాదము ఇక్కడ అనవసరము. యజమాని మాఱినంతనే నియమము మాఱెనన్నచో అది కంపెనీవారి నియమమే గాని ధర్మము కాదు. గృహస్థుడు తన వాక్కు యొక్క కాపలాను పూర్తిగా అట్టివారికి అప్పగించి నిద్రపోరాదు.

ప్రభుత్వము శిక్షింపవలెనను నాలుగవ వాదమును పరిశీలింతము. సమాచార సాంకేతిక చట్టమునకు 2008లో 66ఎ అను విభాగము చేర్చబడినది. ఇతరులకు చిరాకు కలిగించు సందేశమును పంపినను మూడేండ్లవఱకు చెఱసాల విధింపవచ్చునని దాని తాత్పర్యము. చిరాకు అనునది ఒక్కొక్కరికి ఒక్కొక్కరీతి గదా! మాటలకు నిర్దిష్టమైన అర్థము లేనందున నిరపరాధులు చిక్కుకొందురని, భావప్రకటన స్వేచ్ఛకు అది విరుద్ధమని 2015 మార్చి 24న సర్వోన్నత న్యాయస్థానము ఆ విభాగమును కొట్టివేసినది. ఆ తీర్పునిచ్చిన ఇరువురు న్యాయమూర్తులలో కృష్ణా జిల్లావారైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు. రెండవవారు జస్టిస్ రోహింటన్ నారిమన్. అబద్ధముచే మనుష్యుని చంపించినవానికి శిక్ష తగును. కాని దొరకు గిట్టని మాట యెల్ల అబద్ధము కాదు. అబద్ధమును అణచుటకు ఎత్తిన కత్తి సత్యవాదిపై పడకుండ చూచుటయు రాజధర్మమే.

మఱి రానీయవలసినవానిని, ఆపవలసినవానిని నిర్ణయించు పద్ధతి యేది? శ్రీవైష్ణవ గృహములలో నిత్యము స్మరించు విభీషణ శరణాగతి ఘట్టమే దానికి ఆదర్శము. శత్రుపక్షమునుండి ఒకడు నలుగురు అనుచరులతో వచ్చి, సముద్రతీరమున ఆకాశమందు నిలిచి శరణు వేడెను. వాడు శత్రువు, వధింపదగినవాడని సుగ్రీవుడనెను. గుణదోషములు తూచవలెనని అంగదుడు, చారుని పంపవలెనని శరభుడు, కాలముకాని కాలమున వచ్చినాడు గనుక శంకింపదగునని జాంబవంతుడు, మెల్లగా ప్రశ్నించి తెలిసికొనవలెనని మైందుడు చెప్పిరి. అతని స్వరమునందును ముఖమునందును దుష్టభావము కానరాలేదని హనుమంతుడు విన్నవించెను. శ్రీరామచంద్రుడు అందఱి మాటను వినెను. తాను సర్వజ్ఞుడయ్యు వినెను. పిదప తన నిర్ణయమును, దానికి కారణమును నలుగురి యెదుట చెప్పెను. వధింపుమన్న సుగ్రీవునే ఆ వచ్చినవానిని తోడితెమ్మని పంపెను. వినుట, కారణము చెప్పుట, బహిరంగముగా చెప్పుట అను మూడు గుణములున్న తీర్పునే ఓడినవాడును గౌరవించును. కారణము చెప్పక ఒకని మాటను తుడిచివేయు కంపెనీకిగాని, కారణము చెప్పక ఒకని నోరు మూయు అధికారికిగాని ఈ గౌరవము దక్కదు. 2021లో కేంద్రప్రభుత్వము జారీచేసిన నియమములు పెద్దవేదికలు ఫిర్యాదులు వినుటకు అధికారిని నియమింపవలెనని విధించినవి. వినువాడొకడు ఉండవలెనను మొదటి మెట్టు అది.

ఇన్ని తెఱలు తొలగిన పిదప మిగిలినది ఐదవ మాట. ఒక యింట ఇట్టి సంభాషణ జరిగినదనుకొందము. మనుమడు పంపిన సందేశము అబద్ధమని తేలినది. తాత పిలిచి అడిగెను. "తాతా, అది నేను కల్పించలేదు. మామయ్య పంపినాడు, నేను మా స్నేహితులకు పంపినాను. అబద్ధమాడినది నేను కాదు గదా!" యని బాలుడనెను. "బాబూ, మామయ్య పంపకపోయినచో నీవు నమ్మెడివాడవా?" యని తాత అడిగెను. "లేదు తాతా, మామయ్య గనుక నమ్మినాను." "నీ స్నేహితులు నిన్నుబట్టియే నమ్మినారు నాయనా. ఆ అబద్ధమునకు సొంతముగా పరువు లేదు. మీ మామ కొంత అప్పిచ్చినాడు, నీవు కొంత అప్పిచ్చినావు" అని తాత చెప్పెను.

ఈ తాత చెప్పినది భారతసారమే. కురుక్షేత్రమున అశ్వత్థామ మరణించెనను వార్త ద్రోణాచార్యుని చెవిని పడినది. భీముడు చెప్పినను ఆయన నమ్మలేదు. ధర్మరాజును అడిగెను. ఆ వార్తను కల్పించినవాడు ధర్మరాజు కాడు. చచ్చిన ఏనుగునకు ఆ పేరుండుట నిజమే. ఏనుగను మాట వినబడనంత మెల్లగా పలికినందున పూర్తిగా అబద్ధమాడలేదనియు చెప్పవచ్చును. అయినను అంతవఱకు నేలకు నాలుగంగుళముల యెత్తున నడచిన ఆయన రథము ఆ క్షణమున నేలకు దిగినది. ఎందులకు? ద్రోణుడు నమ్మినది వార్తను కాదు, ధర్మరాజును. జీవితమంతయు కూడబెట్టిన సత్యసంధతను ఆ ఒక్క వార్తకు పూచీగా పెట్టెను గనుకనే ఆచార్యుడు అస్త్రసన్యాసము చేసెను. చివరి భాగమును కత్తిరించిన ఆ వీడియోకును, ఏనుగను మాటను మ్రింగిన ఈ వాక్యమునకును భేదమేమి? పంపినవారందఱు తమ తమ పూచీని దానికి జోడించిరి. వారి రథములు నేలకు దిగినవి. ఆ సంగతి వారికి తెలియకుండుటయే విచారకరము.

అందుకొనువారి ధర్మమును శ్రీరామాయణము ఇంతకంటె స్పష్టముగా చెప్పుచున్నది. జానకీదేవిని వంచించినది మొదట ఒక దొంగ స్వరము. మారీచుడు శ్రీరాముని కంఠముతో అఱచెను. అది అన్నగారి గొంతు కాదని లక్ష్మణుడు చెప్పినను అమ్మ వినలేదు, పరుషముగా పలికినది. పిదప వచ్చినది దొంగ రూపము. రావణుడు సన్యాసి వేషమున భిక్షకు వచ్చెను. లంకలో ఉండగా చూపినది దొంగ చిత్రము. విద్యుజ్జిహ్వుడను మాయావి శ్రీరాముని శిరస్సును, ధనుస్సును కల్పించి చూపగా అమ్మ శోకమున మునిగినది. అది మాయ యని సరమ వచ్చి చెప్పినది. నేడు ఒకని గొంతును, ముఖమును అచ్చముగా కల్పించు యంత్రములు వచ్చినవి. కుమారుని స్వరముతో ఫోను చేసి తండ్రినుండి ధనము కాజేయువారు పుట్టినారు. మారీచుని విద్య నేటికి అంగడిలో సరకైనది.

కాని మోసపోయిన ఆ తల్లియే అశోకవనమున ఎట్లు ప్రవర్తించినదో చూడుడు. శింశుపావృక్షముపైనుండి మధురమైన రామకథ వినబడినది. ఎదుట నిలిచిన వానరుడు రామదూతనని చెప్పుకొన్నాడు. ఆమెకు అంతకంటె ప్రియమైన వార్త లోకమున లేదు. అయినను వెంటనే నమ్మలేదు. మరల రావణుడే వచ్చెనేమోయని శంకించినది. శ్రీరాముని లక్షణములు చెప్పుమని అడిగినది. హనుమంతుడు నొచ్చుకొనలేదు. ఓపికగా అన్నియు వర్ణించెను. రామనామము చెక్కిన ఉంగరమును చేతికిచ్చెను. అప్పుడుగాని ఆమె కన్నుల ఆనందబాష్పములు రాలలేదు. ఆస్తికమహాశయులారా, ఇందులో రెండు పాఠములు కలవు. ప్రియమైన వార్తనే ఎక్కువగా పరీక్షింపవలెను. మనస్సు కోరినది గనుక అది సులభముగా మోసపోవును. పరీక్షింపబడినప్పుడు నిజమైన దూత కోపింపడు; కోపించువాని చేతిలో ఉంగరము లేదని తెలిసికొనవలెను.

తిరుగు ప్రయాణమున హనుమంతుడు చూడామణిని గుర్తుగా తెచ్చెను. ఎదురు చూచుచున్నవారి ప్రాణములు నిలుపుటకు, చూచితినను మాటను ముందు పెట్టి తక్కిన వృత్తాంతము పిదప చెప్పెను. ఎవరో అనుకొనుచుండగా విన్నానని చెప్పలేదు. చూడనిదానిని చూచినట్లు చెప్పలేదు. ఉన్నదానికి ఒక్క అలంకారము చేర్చి భయము పెంచలేదు. ఋశ్యమూకముకడ తొలిసారి అతని మాట వినినప్పుడే శ్రీరాముడు, ఇట్టి దూత గల రాజునకు కాని కార్యము ఉండదని మెచ్చుకొనుటకు కారణమిదియే. ఆంజనేయుని పటమును ఫోనుపై ముద్రించుకొన్న భక్తులు అదే ఫోనులో అతని ధర్మమునకు విరుద్ధముగా నడచుట తగునా?

ఇది ఆచరణకు కష్టమని నిరాశ పడనక్కఱలేదు. 2018లో ఆ వదంతులు చెలరేగినప్పుడు తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి తన పోలీసులను ఊరూర తిప్పిరి. డప్పు వేయించిరి. జానపద గాయకులచే వదంతులు నమ్మవద్దని పాటలు పాడించిరి. ఆమె బాధ్యతలోని నాలుగువందలకు పైగా గ్రామములలో ఒక్క ప్రాణమైనను ఆ వదంతికి బలి కాలేదు. డప్పు వేయువాడు ఊరివారికి తెలిసినవాడు. అతని ముఖమున్నది, పేరున్నది. అడిగినచో బదులు చెప్పును. ముఖములేని మాటను ముఖమున్న మాట ఓడించినది.

ప్రతి గృహస్థుడును తన యింటికి అట్టి డప్పువాడు కాగలడు. సందేశమును పంపుటకు ముందు తన్ను తాను మూడు మాటలు అడుగుకొనిన చాలును. దీనిని చూచినవాడెవడు? దీనికి ఉంగరమేది? దీని క్రింద నా పేరు వ్రాసి, నా సంతకము చేసి, నాలుగువీధుల కూడలిలో అంటింపగలనా? మూడవదానికి మనస్సు వెనుదీసినచో ఆ సందేశము ఆగవలసినదే. పొరపాటున పంపినది అబద్ధమని తేలినప్పుడు, ఏ గుంపునకు పంపెనో ఆ గుంపునకే తప్పు జరిగినదని తెలుపుట ప్రాయశ్చిత్తము. మెల్లగా చెఱిపివేసి ఊరకుండుట ప్రాయశ్చిత్తము కాదు. అబద్ధము పదిమందిలో నడచినప్పుడు నిజము ఒంటరిగా దాగియుండరాదు. ఇది సిగ్గుపడవలసిన పని కాదు. తన తప్పును తానే సరిదిద్దుకొన్నవాని మాటకు పిమ్మట విలువ పెరుగునే గాని తఱుగదు.

మన్యమునుండి ఏలేశ్వరము మీదుగా దిగి అన్నవరము చేరు భక్తులును, దూరప్రాంతములనుండి వచ్చు యాత్రికులును రత్నగిరిపై 1891 నుండి కొలుచుచున్న స్వామి నామముననే సత్యమున్నది. ఆయన వ్రతకథను ఎఱుగని తెలుగు గృహము లేదు. సాధువను వర్తకుడు పడవనిండ ధనముతో తిరిగివచ్చుచుండగా స్వామి సన్యాసి వేషమున నిలిచి, పడవలో ఏమున్నదని అడిగెను. ఆకులు, తీగలు ఉన్నవని వర్తకుడు నవ్వుచు బదులిచ్చెను. అట్లే యగుగాక యని స్వామి యనెను. చూచుసరికి పడవలో ఆకులు, తీగలే మిగిలినవి. ఆ మాటవలన ఎవ్వరును మరణింపలేదు. ఎవ్వరి యిల్లును కాలలేదు. పరిహాసమునకన్న మాట అది. దానికే అంత ఫలము. ఇక ఐదుగురి ప్రాణములు తీసిన మాటకు ఫలమెంత?

తన పేరులోనే అడ్డతీగను నిలుపుకొన్న ఆ కొండయూర ఆకునకు విలువ లేకపోలేదు. అడవిలో తిరిగి అడ్డాకు కోసి, ఎండబెట్టి, విస్తరి కుట్టి సంతకు తెచ్చు స్త్రీ ఆ ఆకుతోనే బిడ్డలను పోషించుకొనును. ఆమె తెచ్చినది ఆకే, ఆమె చెప్పునదియు ఆకనియే. అది సత్యము గనుక సంపద యైనది. వర్తకుని పడవలోని ఆకు అసత్యము గనుక దారిద్ర్యమైనది. చేతిలోని సందేశమును పంపుటకు వ్రేలు కదలునప్పుడు భక్తుడు ఈ రెండు ఆకులను తలచుకొనవలెను. నూరేండ్ల క్రిందట ఆ కొండలలో మిరపకాయ కట్టి, పేరు చెప్పి పంపిన జాబును తలచుకొనవలెను. అశోకవనమున అమ్మ అరచేతిలో మెఱసిన ఉంగరమును తలచుకొనవలెను.

సత్యస్వరూపుడైన శ్రీమన్నారాయణుడు భక్తుల జిహ్వాగ్రమునందును, వ్రేలికొనయందును నివసించి వారి వాక్కును తపస్సుగా చేయుగాక.